తెర పక్కన మాస్టారు

హౌరా స్టేషన్ నుంచి ఖరగ్‌పూర్ వైపు లోకల్ రైలెక్కితే మొదట వచ్చే స్టేషన్ టికియాపారా. రైల్వే యార్డును ఆనుకుని ఇరుకు సందుల బస్తీ. ఇక్కడే మామూన్ అఖ్తర్ తన ఇంటి గదిలో కొద్దిమంది పేదపిల్లలకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. అదే పెరిగి సమారిటన్ హెల్ప్ మిషన్ బడి అయింది.

2020 మార్చిలో కరోనా వల్ల పశ్చిమ బెంగాల్‌లో బడులన్నీ మూతపడ్డాయి. ఒక్క ఫోనుతో ఇంటిల్లిపాదీ సర్దుకునే ఇలాంటి బస్తీల్లో ఆన్‌లైన్ పాఠం ఎవరికి అందుతుంది? ప్రభుత్వం టీవీలో పాఠాలు చెప్పించింది. 2021లో పన్నెండో తరగతి వారికి ట్యాబ్ కొనుక్కోమని తలా 10,000 రూపాయలిచ్చింది. చిన్నపిల్లలకు మాత్రం అవేవీ సరిపోలేదు. 2022 ఫిబ్రవరి 7న ‘పారాయ్ శిక్షాలయ’ పేరుతో టీచర్లే పేటల్లోకి వచ్చి, ఆరుబయట తరగతులు నడిపారు.

తెరనూ తరగతినీ కలిపే ప్రయత్నం మాత్రం కరోనాతో పుట్టింది కాదు. దాని తొలి అడుగుల్లో తెలుగు పల్లెలూ ఉన్నాయి.

1975 ఆగస్టు 1న ఇస్రో, అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కలిసి ‘సైట్’ ప్రయోగం ప్రారంభించాయి. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు నేరుగా టీవీ కార్యక్రమాలు వచ్చేవి. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్ల దొడ్లకు కట్టే ఇనుప వలతో చేసిన పెద్ద యాంటెన్నాలు సిగ్నల్ అందుకునేవి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం ఊరందరికీ కార్యక్రమాలు. కరెంటు లేని ఊళ్లలో కొన్ని సెట్లు బ్యాటరీలతో నడిచాయి.

ఈ ప్రయోగంలో, తెరనూ తరగతినీ కలిపే నేటి పద్ధతికి అతి దగ్గరగా ఉన్నది టీచర్ల శిక్షణ. ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు పన్నెండు రోజులపాటు సైన్సు బోధన నేర్చుకున్నారు. టీవీ, రేడియో, అచ్చు పాఠాలు ఒకవైపు. శిక్షణ కేంద్రంలో పక్కనే ఉండి ప్రయోగాలు చేయించే మనిషి మరోవైపు. ఏది విడిగా ఉన్నా ఆ శిక్షణ సగమే అయ్యేది.

ఏడాది గడువు ముగిసి 1976 జూలై 31న ‘సైట్’ ఆగిపోయింది. ఆలోచన ఆగలేదు. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎడ్యుశాట్ పూర్తిగా చదువు కోసమే తయారైన ఉపగ్రహం. దానితో తరగతిలోని వారు దూరాన ఉన్న అధ్యాపకుడిని ప్రశ్నలు అడిగే వీలు కలిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇలాగే ఉపగ్రహం ద్వారా పాఠాలు ప్రసారం చేసిన ‘మన టీవీ’ తెలంగాణలో టీ-శాట్‌గా మారింది.

2020 సెప్టెంబరు 1న తెలంగాణలో డిజిటల్ పాఠాలు మొదలైనప్పుడు దూరదర్శన్ యాదగిరితోపాటు టీ-శాట్ కూడా వాటిని ప్రసారం చేసింది. అక్కడితో సరిపెట్టలేదు. పిల్లలకు వర్క్‌షీట్లు ఇచ్చారు. పాఠం చూశారా, అర్థమైందా అని టీచర్లు ఆరా తీశారు.

అదే ఏడాది జూలైలో వచ్చిన జాతీయ విద్యావిధానం ఆన్‌లైన్, తరగతి బోధనలను కలిపే నమూనాలను గుర్తించాలని చెబుతూనే, ఎదురెదురుగా కూర్చుని నేర్చుకోవడానికి ఉన్న ప్రాధాన్యాన్ని పూర్తిగా ఒప్పుకుంది. కనుక ట్యాబ్‌ల కొనుగోలుకు లెక్క రాసే ప్రతి పథకంలోనూ టీచర్ల నియామకానికి, శిక్షణకు కూడా పద్దు ఉండాలి. టికియాపారా వంటి పేటల పిల్లలకు ఆ పద్దే ముందు కావాలి.