పెర్కిన్ ఈస్టరు సెలవులు

1856లో ఈస్టరు సెలవులకు ఆచార్య హాఫ్‌మన్ జర్మనీ వెళ్ళెను. లండను రాయల్ రసాయన కళాశాలలో ఆయన సహాయకుడు, విద్యార్థియునైన విలియం పెర్కిన్‌కు తీరిక చిక్కెను. అతనికప్పుడు 18 ఏండ్లు. ఇంటి పై అంతస్తులో అతనికొక చిన్న ప్రయోగశాల కలదు. మలేరియాకు మందైన క్వినైనును బొగ్గుతారు పదార్థములనుండి చేయవలెనని అచ్చట పూనుకొనెను.

క్వినైను రాలేదు, ఎఱ్ఱని పొడి వచ్చెను. అంతటితో విడువక అనిలీనుతో ప్రయత్నింపగా నల్లని మడ్డి మిగిలెను. ఎవరైనను పారబోయదగినదే! అతడు దానిని ఆల్కహాలులో కరగించెను. చక్కని ఊదారంగు తేలెను. పట్టుగుడ్డకు పట్టిన ఆ రంగు సబ్బుకుగాని ఎండకుగాని వెలసిపోలేదు. అనిలీనులో టొలూయిడీను కల్తీ యుండుట అతని అదృష్టము. శుద్ధమైనదే యైనచో ఆ రంగు ఏర్పడియుండెడిది కాదు.

ఆగస్టులో పేటెంటు పొంది, గురువునకు ఇష్టము లేకున్నను కళాశాల విడిచెను. 1857లో తండ్రితోను అన్నతోను కలిసి గ్రీన్‌ఫర్డులో రంగుల కర్మాగారము స్థాపించెను.