చచ్చిన గొడ్డు, డప్పు, ఆదివారం

మన పల్లెల్లోని చర్చిలు పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లలకు లోకానికి ఎదురీదమని బోధిస్తాయి. ఆదివారం బడిలోనూ, వేసవి సెలవుల బైబిల్ బడుల్లోనూ, యువజన కూటాల్లోనూ ఇదే మాట. విశ్వాసి మంద వెంట పోకూడదు, వేరుగా నిలబడాలి. మంచి మాటే. కాని ఏ లోకానికి ఎదురీదాలి అని అడిగితే వచ్చే జవాబేమిటి? సినిమా, సెల్‌ఫోను, నగలు, బొట్టు, ప్రేమ వ్యవహారాలు, తిరనాళ్ళ ప్రసాదం. లోకమంటే ఇంతేనా? కూలిరేటు లోకంలోది కాదా? ఊరికీ పల్లెకీ మధ్యనున్న డొంక లోకంలోది కాదా?

ప్రకాశం జిల్లా మాదిగపల్లెల చరిత్ర తెలిసినవారెవరూ ఈ జవాబుతో తృప్తిపడలేరు. ఈ పిల్లల తాతముత్తాతలు నూటయాభై ఏళ్ళ కిందట లోకానికి ఎదురీదిన మాట నిజం. కాని అప్పుడు వాళ్ళు వదిలిపెట్టినవి వేరు. చచ్చిన గొడ్డు మాంసాన్ని వదిలారు. జాతర డప్పును వదిలారు. ఆదివారం నాటి వెట్టిని వదిలారు.

నేను విశ్వాసిని కాను. అయితే మా ఇంట్లో పేర్లూ, మా పల్లెలో చర్చి గంటా ఈ చరిత్ర నుంచి వచ్చినవే. చరిత్ర పాఠాలు చెప్పుకునేవాణ్ణి కనుక ఆ చర్చిల పిల్లలకు అప్పుడప్పుడూ నాలుగు మాటలు చెప్పమని పెద్దలు పిలుస్తుంటారు. దేవుణ్ణి గురించి చెప్పడానికి నా దగ్గరేమీ లేదు. యర్రగుంట్ల పేరయ్యను గురించి చెబుతాను.

అమెరికన్ బాప్టిస్టు మిషన్ నెల్లూరులో పని మొదలుపెట్టింది 1840లో. పాతికేళ్ళపాటు దానికి దక్కిన ఫలితం అత్యల్పం. మిషన్‌ను మూసేద్దామా అన్న చర్చ అమెరికాలో ఒకటి కంటే ఎక్కువసార్లే జరిగింది. జాన్ ఎవరెట్ క్లౌ 1865లో వచ్చి, 1866లో ఒంగోలులో మకాం పెట్టాడు. ఒంగోలు అప్పటికి నెల్లూరు జిల్లాలోది. తాళ్ళకొండపాడుకు చెందిన పేరయ్య ఆ 1866లోనే బాప్తిస్మం తీసుకున్నాడు. అతను మాదిగ, తోళ్ళ వ్యాపారం చేసేవాడు. ఒక సంగతి గమనించాలి. పేరయ్య దొర కోసం ఎదురుచూస్తూ కూర్చున్న ఖాళీ కుండ కాదు. అంతకుముందే యోగమార్గపు గురువుల దగ్గర ఉపదేశం పొందినవాడు, ఆ ఉపదేశాన్ని తనవాళ్ళకు పంచినవాడు. అంటరానివాడికి కూడా ఆత్మ ఉందన్న మాట అమెరికా నుంచి ఓడలో దిగుమతి కాలేదు. అది మన పల్లెల్లో బైరాగుల నోట, తత్వాల నోట అప్పటికే తిరుగుతున్నది. 1867 జనవరిలో క్లౌ తాళ్ళకొండపాడు వెళ్ళి గుడారం వేసే సరికి పేరయ్య చుట్టుపక్కల పల్లెలను సిద్ధం చేసి ఉంచాడు. అయిదు రోజుల తర్వాత 28 మంది బాప్తిస్మం పొందారు.

చేరినవారికి పెట్టిన నిబంధనలు మూడు. ఆదివారం పని చేయరాదు. చచ్చిన గొడ్డు మాంసం తినరాదు. విగ్రహాలకు మొక్కరాదు. చూడటానికి మూడూ మతనియమాలే. కాని ఆనాటి గ్రామంలో మాదిగ ఎక్కడ నిలబడ్డాడో తెలిస్తే, మూడూ శ్రమకు సంబంధించినవేనని తేలిపోతుంది.

రైతు ఇంట్లో ఎద్దు చస్తే దాన్ని మోసుకుపోవలసినవాడు మాదిగ. మాంసం వాడి తిండి. తోలు ఊదుకుని చెప్పులుగా, వార్లుగా, కపిల బావికి తోలు బానలుగా తిరిగి రైతుకే ఇవ్వాలి. దానికి ప్రతిఫలం కళ్ళం దగ్గర ఇన్ని గింజలు. ఆ గింజలు ఎన్ని అన్నది రైతు దయ. చచ్చిన గొడ్డు మాంసం కూలిలో భాగం, వాడి అంటరానితనానికి రుజువు కూడా. మాంసం తినను అన్నవాడు ఆ కూలి పద్ధతినే ప్రశ్నిస్తున్నాడు.

విగ్రహాల సంగతీ అంతే. మాదిగ గుళ్ళోకి పోలేడు కనుక గుళ్ళో మొక్కడం అనే సమస్య వాడికి లేదు. కాని గ్రామదేవత జాతరలో డప్పు కొట్టవలసింది వాడే. మొక్కను అంటే కొట్టను అని అర్థం. డప్పు లేకపోతే జాతర లేదు. జాతర లేకపోతే అమ్మవారికి కోపం, కలరా వస్తే నేరం మాదిగపల్లెది.

ఇక ఆదివారం. నా లెక్కన మూడింటిలోనూ ఇదే అన్నిటికంటే తీవ్రమైనది. వ్యవసాయానికి వారం లేదు. కోతలకాలంలో అసలే లేదు. రైతు పిలిచిన గడియకు పోవలసినవాడు, ఏడు రోజుల్లో ఒక రోజు నాది అన్నాడు. బొంబాయి మిల్లు కార్మికులు నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వంలో ఆదివారం సెలవు సాధించుకున్నది 1890లో. కార్మికులకు వారానికొక సెలవు చట్టానికెక్కింది 1891లో. అంతకు రెండు దశాబ్దాలకు ముందే, సంఘమన్నది లేకుండా, చట్టమన్నది తెలియకుండా, ఒంగోలు చుట్టుపక్కల తోలుపని చేసుకునేవాళ్ళు బైబిలు పేరు చెప్పి ఆ పని చేశారు. మన కార్మికోద్యమ చరిత్రల్లో ఈ సంగతికి ఒక్క వాక్యమన్నా దక్కలేదు. మతం పేరుతో జరిగింది కనుక మన లెక్కలోకి రాలేదు కాబోలు.

ఊరు ఊరుకోలేదు. బావులు మూతపడ్డాయి. చాకలినీ కుమ్మరినీ పల్లెకు పోవద్దన్నారు. అంగళ్ళలో సరుకులు పుట్టలేదు. దెబ్బలూ, దొంగ కేసులూ సరేసరి. ఈ హింసను గురించి క్లౌ వివరంగానే చెప్పాడు. ఆయన స్వీయకథ ఆయన పోయాక 1914లో అచ్చయింది.

ఆ పుస్తకంలోనే బడి సంగతి ఒకటి ఉంది. పిల్లలకు నేను తప్పకుండా చెప్పేది అదే. ఒంగోలులో తొలి రోజుల్లో క్లౌ దంపతులు నడిపిన బడికి అగ్రకులాల అబ్బాయిలు వచ్చేవాళ్ళు. వాళ్ళలో కొందరికి క్రీస్తు మీద గురి కుదిరింది కూడా. మిషన్ సంబరపడింది. సరిగ్గా అప్పుడే మాదిగలు బాప్తిస్మానికి వచ్చారు. వీళ్ళను చేర్చుకుంటే మేం రాం అన్నారు అగ్రకులాలవాళ్ళు. ఏం చేయాలో తోచక భార్యాభర్తలిద్దరూ విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు తగిలిందట. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి ఉత్తరంలో, లోకం తీసివేసినవాళ్ళనే దేవుడు ఎంచుకున్నాడని చెప్పే భాగమది. ఇది దైవికమా, కాకతాళీయమా అన్న తగువు నాకక్కర్లేదు. మాదిగలు లోపలికి వచ్చారు, అగ్రకుల విద్యార్థులు బయటికి వెళ్ళారు. లోకానికి ఎదురీదడమంటే ఏమిటో ఒక బడి తన హాజరుపట్టీలో చూపించిన సందర్భమది. పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం ఏ ఉపదేశకుడు చెప్పగలడు?

తర్వాత 1876-78 కరువు. క్లౌ పూర్వం అమెరికాలో సర్వేయరుగా పనిచేసినవాడు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. మిషన్ బోధకులే మేస్త్రీలయ్యారు. తమను తిట్టని, తమ కూలి కొరకని మేస్త్రీని చాలామంది మాదిగలు జీవితంలో మొదటిసారి చూసింది అక్కడే. కరువు పని సాగినన్నాళ్ళూ క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పని ముగిసింది, గింజలు లేవు, డబ్బు లేదు అని చెప్పాక కూడా జనం వదల్లేదు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో దిగి ఆ పని చేశారు.

వీళ్ళను బియ్యం కోసం మారినవాళ్ళని హేళన చేయడం నాటికీ నేటికీ రివాజు. ఆకలిగొన్నవాడు అన్నం పెట్టినవాడి వైపు చూడకూడదని చెప్పేది ఎప్పుడూ కడుపు నిండినవాడే. అన్నానికి ఆ మార్పుతో సంబంధం లేదని మిషనరీలు అనుకున్నట్టు నేననను. ఉంది. అన్నంతోపాటు మర్యాద పెట్టిన మొదటి చేయి అది. దాన్ని జనం మరచిపోలేదు.

క్లౌ రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ సామాన్యురాలు కాదు. స్త్రీల హక్కుల కోసం రాసిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద 1898లో పుస్తకం రాసింది. మరుసటి సంవత్సరం ఒంగోలు మాదిగల మౌఖిక కథలతో మరో పుస్తకం తెచ్చింది. పేరయ్య గురువుల సంగతి మనకింత తెలియడం ఆమె చలవే. ఆమె తమ్ముడు వాల్టర్, న్యూయార్కు పేదల వాడలో పాస్టరుగా ఉండి, క్రైస్తవం అన్యాయమైన సమాజాన్ని మార్చాలని 1907లో రాసినవాడు. ఆ ఆలోచనను ప్రపంచం వాల్టర్ పేరుతో ఎరుగును. ఒంగోలు మాదిగలు దాన్ని అప్పటికి నలభై ఏళ్ళుగా ఆచరిస్తున్నారు.

మరి అంతటి ధిక్కారం నేడు బొట్టూ నగల పట్టికగా ఎలా కుంచించుకుపోయింది? మిషన్ కులాన్ని తాకింది గాని భూమిని తాకలేదు. తాకే ఉద్దేశమూ లేదు. తెల్లదొర ప్రభుత్వపు నీడలో పనిచేసేవాళ్ళు పట్టాదారు జోలికి పోతారా? భూమి లేని ధిక్కారానికి మిగిలిన దారి ఉద్యోగం. రెండో తరం టీచర్లు, కాంపౌండర్లు, నర్సులు, పాస్టర్లు అయ్యారు. జీతగాడికి కావలసింది సత్ప్రవర్తన సర్టిఫికెట్టు. తాత వెట్టిని కాదంటే మనవడు సిగరెట్టును కాదన్నాడు. పైగా ఏ మిషన్ ఏ కులం మధ్య పనిచేస్తే ఆ చర్చి ఆ కులానిదైంది. బాప్టిస్టంటే మాదిగ, లూథరనంటే మాల అన్న లెక్క మన జిల్లాల్లో అందరికీ తెలిసినదే. కులాన్ని కాదని పుట్టిన సంఘం కులసంఘమై కూర్చుంది.

ఆ పైన ప్రభుత్వం వేసిన ముడి ఒకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన దళితులకు బి.సి. జాబితాలో ‘సి’ గ్రూపు, 1 శాతం. కనుక పదవ తరగతి పిల్లవాడు ఆదివారం ఒక పేరుతో, సోమవారం మరొక పేరుతో బతకడం నేర్చుకుంటాడు. ఒక చోట ఒక అబ్బాయి లేచి, “మాస్టారూ, అబద్ధమాడితే పాపమని ఇక్కడ చెబుతారు, సర్టిఫికెట్లో హిందువని మా నాన్నే రాయించాడు. మరి నేను పాపం చేసినట్టా?” అని అడిగాడు. వెనక బెంచీలో పెద్దలు ఇబ్బందిగా కదిలారు. నేను చెప్పింది ఇది: “అంటరానితనం బాప్తిస్మంతో పోయిందని ప్రభుత్వం ఒక కాగితం మీద రాసుకుంది, తమ్ముడూ. అది నిజమో కాదో మీ ఊరి హోటల్లో అడుగు. మొదటి అబద్ధం ఎవరిదో తేలుతుంది.”

కారంచేడు సంగతి కూడా ఆ పిల్లలకు చెప్పాలి. 1985 జులైలో అక్కడి మాదిగపల్లె తాగే చెరువు నీళ్ళను కమ్మ యువకులు పాడుచేస్తుంటే బిందె పట్టుకుని అడ్డం నిలిచిన ఆమె పేరు సువార్త. మరునాడు, జులై 17న, ఊరు పల్లె మీద పడి ఆరుగురిని చంపింది. పేరయ్య కాలంలో మూసిన బావికీ ఈ చెరువుకూ నడుమ నూరేళ్ళకు పైగా గడిచాయి. చర్చి పాఠ్యపుస్తకాల్లో దానియేలు సింహాల గుహ ఉంటుంది. కారంచేడు చెరువు ఉండదు.

పిల్లలు అడిగే ప్రశ్నల్లో నన్ను ఎక్కువసేపు నిలబెట్టేది డప్పు. డప్పు కొట్టడం పాపమని పాస్టరుగారంటారు, సభల్లో మనవాళ్ళు కొడుతున్నారు, ఏది నిజమని అడుగుతారు. రెండూ ఒకే చరిత్రలోవి. కొట్టకపోతే చంపుతామన్న రోజున డప్పు దించడం ధిక్కారం. 1994 జులై 7న ఇదే ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా పుట్టినప్పుడు, దించినవాళ్ళ మునిమనవళ్ళు దాన్ని మళ్ళీ చంకకెత్తుకున్నారు. ఈసారి ఎవరి జాతరకూ కాదు. అది విన్నాక ఒక అమ్మాయి, మా నాయనమ్మ ఇంట్లో అటక మీద పగిలిన డప్పు చట్రం ఒకటి ఉందనీ, అది ఎవరిదో అడిగితే ఆమె చెప్పదనీ అంది. మళ్ళీ అడగమన్నాను.