పిలుపు అందినట్టేనా?

1950లో న్యూయార్క్‌లో నెలకు 12 డాలర్లు కట్టిన డాక్టర్లకు జేబులో పట్టే రేడియో రిసీవర్ ఒకటి ఇచ్చేవారు. అది మోగేది కాదు. డాక్టరే అప్పుడప్పుడు తీసి చెవికి ఆనించుకోవాలి. వరసగా చదివే నంబర్లలో తనది వినిపిస్తే టెలిఫోను వెతుక్కుని సర్వీసు వాళ్లకు ఫోన్ చేయాలి. ఆ అక్టోబరులో మొదటి పిలుపు అందుకున్నాయన ఊరికి 25 మైళ్ల అవతల గోల్ఫ్ ఆడుతున్నాడు. సరే, ఆయన విన్నాడు. వినకపోయి ఉంటే?

తర్వాతి పేజర్లు బీప్‌మన్నాయి గానీ, పిలుపు అందిందో లేదో పంపినవాళ్లకు చాలాకాలం తెలియలేదు. సర్వర్లు కాసే ఇంజినీర్ల నడుముకు పేజర్ చేరినప్పుడు ఆ లోటూ వెంటే వచ్చింది.

1999లో ఈథన్ గాల్‌స్టాడ్ నెట్‌సెయింట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ విడుదల చేశాడు. 2002లో దాని పేరు నాగియోస్ అయింది. సర్వర్ పడిపోతే అది అలర్ట్ పంపుతుంది. ఎవరో ఒకరు ‘నేను చూస్తున్నా’ అని యాక్ చేసేదాకా మళ్లీ మళ్లీ పంపుతుంది. ఇన్ని అలర్ట్‌లు దాటితే పైవాళ్లకూ పంపమని ముందే రాసిపెట్టుకోవచ్చు. అదే ఎస్కలేషన్. బీప్ కన్నా ఈ చిన్న నియమమే పెద్ద మలుపు అనాలి. చిక్కల్లా అలర్ట్‌లు అందుకునే వంతు మారినప్పుడే: సెట్టింగుల ఫైళ్లు దిద్దాలి, లేదా జట్టంతటికీ ఉన్న ఒక్క పేజర్ చేతులు మారాలి.

కోడ్ రాసినవాళ్లే దాన్ని నడపాలని 2006లో అమెజాన్ సీటీఓ వెర్నర్ వోగెల్స్ చెప్పాడు. అలా ఆన్‌కాల్, అంటే పిలుపుకు సిద్ధంగా ఉండే వంతు, డెవలపర్ల నెత్తికీ వచ్చింది. అమెజాన్‌లో పనిచేసి వచ్చిన ముగ్గురు 2009లో టొరాంటోలో పేజర్‌డ్యూటీ అనే కంపెనీ పెట్టారు. ఈ వారం వంతు ఎవరిదో దాని సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. వంతులో ఉన్న ప్రైమరీ ఎత్తకపోతే, వెనక నిలిచే సెకండరీకి, ఆ తర్వాత మేనేజర్‌కి ఫోన్ చేస్తుంది.

పిలవడం సులువయ్యాక పిలుపులు పెరగడం వింతేమీ కాదు. గూగుల్ ఇంజినీర్లు 2016లో తెచ్చిన పుస్తకంలో 12 గంటల షిఫ్టుకు రెండు ఘటనలే హద్దన్నారు. కారణం వెతికి, నివేదిక రాసేసరికి ఒక్కోదానికి ఆరు గంటలు పడుతుందని వాళ్ల లెక్క. జట్టు ఒకే ఊళ్లో ఉంటే కనీసం ఎనిమిది మంది, రెండు ఊళ్లలో ఉంటే ఊరికి ఆరుగురు కావాలన్నారు.

మొదటి ఊరు సియాటిల్ అయితే, ఆ రెండో ఊరిగా హైదరాబాద్ బాగా కుదురుతుంది. వేసవిలో సియాటిల్‌లో అర్ధరాత్రయితే ఇక్కడ మధ్యాహ్నం 12:30. కాకపోతే ఇక్కడివాళ్లకు సిస్టమ్‌లో చెయ్యి పెట్టే అధికారమూ ఇవ్వాలి. లేదంటే హైదరాబాద్ యాక్ చేస్తుంది, ఎస్కలేషన్ పోయి సియాటిల్‌నే లేపుతుంది.