హంసలదీవి నుంచి ఢిల్లీ దాకా: ఎవరిని ఏం అడగాలి?

కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవిలో దళితవాడ ఓటరు ఇద్దరిని చట్టసభలకు పంపుతాడు. అవనిగడ్డ ఎమ్మెల్యే అమరావతికి, మచిలీపట్నం ఎంపీ ఢిల్లీకి వెళ్తారు. రెండు ప్రభుత్వాలు, రెండు బాధ్యతలు. ఇదే సమాఖ్య విధానం.

రాజ్యాంగం ఏడో షెడ్యూలు అధికారాలను మూడు జాబితాలుగా పంచింది. భూమి, పోలీసు రాష్ట్రానివి. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల లోపు చేపల వేట రాష్ట్రానిది, అది దాటితే కేంద్రానిది. మడ అడవులు ఉమ్మడి జాబితాలోకి వస్తాయి.

పార్లమెంటరీ విధానం అంటే మంత్రివర్గం సభకు జవాబు చెప్పాలి. లోక్‌సభలో మెజారిటీ పోతే ప్రధాని, శాసనసభలో పోతే ముఖ్యమంత్రి దిగిపోవాలి.

ఇది మనకెందుకు? 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం పార్లమెంటు చేసింది. కేసు కట్టి దర్యాప్తు చేయాల్సింది రాష్ట్ర పోలీసులు. 1995 నిబంధనల ప్రకారం ముఖ్యమంత్రి అధ్యక్షతన కమిటీ ఏడాదికి రెండుసార్లు, కలెక్టరు అధ్యక్షతన జిల్లా కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. కాబట్టి ‘అది కేంద్ర చట్టం, మా చేతుల్లో లేదు’ అంటే చెల్లదు.

అసైన్డ్ భూముల బదిలీపై 1977 చట్టం రాష్ట్రానిది. అక్కడ తహశీల్దారును, కలెక్టరును నిలదీయాలి. ఎస్సీ జాబితాలో కులాన్ని చేర్చాలన్నా, తీసేయాలన్నా 341వ అధికరణ కింద పార్లమెంటే చట్టం చేయాలి. అక్కడ ఎంపీని అడగాలి.

అర్జీ రాసేముందు అది ఎవరి జాబితాలోదో చూసుకుందాం. వేరే గడప ముందు నిలబడితే పోయేది మన కాలమే.