ఖఫ్జీ ఎండల్లో రష్ మొక్క: దుబ్బు విడదీసి నాటడం

రష్ నీటి అంచున దుబ్బుగా పెరిగే మొక్క. శాస్త్రీయ నామం జంకస్. మన తుంగలాగే కనిపిస్తుంది కానీ వేరు. తుంగ కాడకు సాధారణంగా మూడు అంచులుంటాయి, రష్ కాడ గుండ్రంగా ఉంటుంది. కుండీల్లో ఎక్కువగా పెంచేది జంకస్ ఎఫ్యూసస్ 'స్పైరాలిస్'. దీని కాడలు స్ప్రింగుల్లా మెలికలు తిరుగుతాయి. విత్తనం వేస్తే అన్ని మొక్కలకూ ఆ మెలిక వస్తుందన్న నమ్మకం లేదు. అందుకే అరటి పిలకల్లాగా దుబ్బు విడదీసి నాటుకోవాలి.

ఎప్పుడు?

చలిదేశాల పుస్తకాలు వసంతంలో విడదీయమంటాయి. ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్ళిపోతూ ఒక మిత్రుడు ఇచ్చిన దుబ్బును నేనలాగే ఏప్రిల్లో చీల్చాను. కొత్త వేళ్ళు పట్టేలోపే ఎండలు 40 డిగ్రీలు దాటాయి. ఆరు ముక్కల్లో ఒక్కటే మిగిలింది. ఇక్కడ నవంబరు సరైన నెల. చలికాలమంతా వేళ్ళు నిలదొక్కుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

ఎలా?

1. ముందురోజు కుండీని నీళ్ళలో నానబెట్టండి.
2. దుబ్బు పైకి తీసి మట్టి కడగండి. పసుపు కొమ్ములా అడ్డంగా పాకే కాండం కనిపిస్తుంది.
3. పళ్ళున్న కత్తితో కోయండి. ముక్కకు ఎనిమిది, పది పచ్చి కాడలూ, వేళ్ళూ ఉండాలి. ఆశకుపోయి ఒక్కో పిలకగా చీల్చకండి. నడుమ ఎండిన భాగం పారేయండి.
4. మునుపటి లోతులోనే నాటి, రెండంగుళాల నీళ్ళున్న పళ్ళెంలో కుండీ ఉంచండి. మూడు వారాలు నీడలో పెట్టండి. వేసవిలోనూ మధ్యాహ్నపు ఎండ తగలనీయకండి.

నీళ్ళ సంగతి

గల్ఫ్ తీరపు ఉప్పు నేలల్లో సహజంగా పెరిగే జంకస్ రిజిడస్ ఉప్పును ఓర్చుకుంటుంది. మన కుండీ రకం అంతగా ఓర్చుకోలేదు. కాబట్టి ఉప్పు బావి నీళ్ళు వద్దు, శుద్ధి చేసిన సముద్రపు నీరు నయం. పళ్ళెంలో నీరు ఆవిరైనకొద్దీ మట్టిలో ఉప్పు పేరుకుంటుంది. నెలకోసారి పైనుంచి ధారాళంగా పోసి, కిందికి కారిన నీటిని పారబోయండి. దోమలు పెరగకుండా నాలుగు రోజులకోసారి పళ్ళెం కడగండి.

చివరిగా ఒక మాట. వేసవి సెలవులకు ఊరెళ్ళొస్తే ఎండిన కుండీలే ఎదురొస్తాయని మనందరికీ తెలుసు. నవంబరులోనే ఒక ముక్క పక్కింటివారికి ఇచ్చేయండి. మా వృత్తిలో దీన్ని బ్యాకప్ అంటాం. మిత్రుడి మొక్క ఇప్పుడు మూడిళ్ళలో ఉంది.