‘డూ’ ఎక్కడి నుంచి వచ్చింది?

ఇంగ్లిష్ వ్యాకరణ పాఠ్యపుస్తకాలు ‘డూ’ను సహాయక క్రియల పట్టికలో చేర్చి చేతులు దులుపుకుంటాయి. ప్రశ్న అడగడానికీ కాదనడానికీ ఆ భాష పుట్టినప్పటి నుంచీ అది ఉన్నట్టే మనకు నేర్పుతాయి. నిజానికి పాత ఇంగ్లిష్‌లో దాని ముఖ్యార్థాలు చేయడం, పెట్టడం. ముందు చెప్పిన క్రియకు బదులుగా నిలిచే పని కూడా ఉండేది. ప్రశ్న వేయాలంటే అసలు క్రియనే కర్తకు ముందు పెట్టేవారు. సొంత అర్థమేమీ లేని ‘డూ’ 13వ శతాబ్దంలో నైరుతి ఇంగ్లండ్ పద్యాల్లో కనబడి, 16వ శతాబ్దంలో విజృంభించింది.

ఇది కెల్టిక్ భాషల వరమని ఇప్పుడొక వాదం బాగా చలామణీలో ఉంది. భాషావేత్త జాన్ మెక్‌వర్టర్ 2008లో తెచ్చిన పుస్తకంతో దానికి ప్రచారం పెరిగింది. వెల్ష్, కార్నిష్ భాషల్లో ‘చేయు’ క్రియ సహాయకంగా వస్తుంది, కార్నిష్ ప్రాంతం నైరుతికి ఆనుకునే ఉంది కనుక వాదాన్ని కొట్టిపారేయలేం. అయితే ఇంగ్లిష్ వాళ్లు ఆ దీవికి వచ్చింది 5వ శతాబ్దంలో. మధ్యలో ఎనిమిది వందల ఏళ్లు రాతలో జాడ లేదేమని అడిగితే, రాత భాష వాడుకను కప్పేసిందంటారు. కొంతవరకు ఒప్పుకోవచ్చు, కానీ జాడ లేకపోవడమే సాక్ష్యం కాలేదు. పైగా కెల్టిక్ పొరుగు లేని జర్మన్ మాండలికాల్లోనూ ఇలాంటి ప్రయోగం ఉంది. భాషావేత్త ఆల్వర్ ఎలెగార్డ్ 1953లో వేలాది వాక్యాలు లెక్కగట్టి చూపింది నాకు ఎక్కువ నమ్మదగినదిగా తోస్తుంది. ‘చేయించు’ అనే అర్థంలో వాడిన ‘డూ’ చేసిందెవరో తేలని వాక్యాల్లో ఆ అర్థాన్ని పోగొట్టుకుంది, ప్రాస కుదరడానికి కవులకు అక్కరకొచ్చింది. నైరుతిలో ‘చేయించు’కు ‘మేక్’ ఎక్కువగా వాడేవారన్న చిక్కు ఈ వాదానికీ ఉంది. పుట్టుక సంగతి ఎలా ఉన్నా, నిలదొక్కుకోవడానికి కారణం పదక్రమమే. కర్త, క్రియ, కర్మ అన్న వరుస బిగుసుకున్నాక క్రియను ముందుకు లాగితే కర్తా కర్మా పక్కపక్కన పడి తికమక అవుతుంది. కర్మ ఉన్న ప్రశ్నల్లో ‘డూ’ ముందుగా పెరగడం ఇందుకు గట్టి ఆధారం.

అవసరం లేనిచోట అది నిలవలేదు. మామూలు వాక్యాల్లో 16వ శతాబ్దం నడుమ కాస్త పెరిగి తగ్గిపోయింది. కవి పోప్ 1711లో దాన్ని ఎగతాళి చేశాడు. 1755 నాటికి నిఘంటుకర్త జాన్సన్ దుష్ప్రయోగమన్నాడు. అయినా నొక్కి చెప్పడానికి అది మిగిలింది. ‘నో’ (తెలియు), ‘డౌట్’ లాంటి క్రియలు మాత్రం ‘డూ’ లేకుండానే ‘నాట్’ను చాలాకాలం వెంటపెట్టుకున్నాయి. ‘నీ దగ్గర ఉందా’ అనడానికి ‘హ్యావ్ యు’ పోయి ‘డూ యు హ్యావ్’ స్థిరపడింది నిన్నమొన్నే. ప్రశ్నకు చివర ‘ఆ’ చేర్చో ‘ఎందుకు’ లాంటి మాట పెట్టో ఊరుకునే తెలుగు పిల్లవాడు ‘వై యు కేమ్’ అంటే తప్పే, దిద్దాల్సిందే. కానీ ఆ నియమాన్ని తర్కంగా, అనాదిగా ఉన్నదిగా బోధించడం అంతకంటే పెద్ద తప్పు. ప్రశ్నల్లో ‘డూ’తోనూ, అది లేకుండానూ షేక్‌స్పియర్ రెండు పద్ధతులూ వాడాడని పాఠ్యపుస్తకం ఒక్క వాక్యంలోనైనా చెప్పాలి.