పాట పోయి ధరల పట్టిక వచ్చింది

తమిళనాడు ధర్మపురి జిల్లాలోని మారండహళ్ళి 1965 దాకా సేలం జిల్లా ఊరే. మద్రాసు రాజధానిలో మద్య నిషేధం మొట్టమొదట మొదలైంది ఆ సేలంలోనే, 1937 అక్టోబరు 1న. రాజాజీ మద్రాసు ప్రధాని (ఇప్పటి మాటలో ముఖ్యమంత్రి) అయి అప్పటికి మూడు నెలలైనా నిండలేదు. తిరుచెంగోడు ఆశ్రమం నుంచి మద్యానికి వ్యతిరేకంగా 'విమోచనం' అనే పత్రికే నడిపిన మనిషి, చట్టం చేతికొచ్చాక ఆగుతారా? మరుసటి ఏడు మన చిత్తూరు, కడప జిల్లాలకూ ఆ వంతు వచ్చింది.

అంతకుముందు ఈ వ్యాపారమంతా వేలం పాట మీద నడిచేది. కల్లు గీసే చెట్టుకు పన్ను వేరు, అంగడి పాట వేరు. పంతానికి పోయి ఎక్కువకు పాడుకున్న కంట్రాక్టరు ఆ డబ్బు రాబట్టుకునేది తాగేవాడి దగ్గరే.

పాటలు ఆగిపోయేసరికి ఖజానాకు గండి పడింది. అది పూడ్చడానికి 1939లో మద్రాసు సర్కారు అమ్మకం పన్ను తెచ్చింది. కల్లంగడి వైపు కన్నెత్తి చూడని వర్తకుడి మీద కూడా పడింది గనక ఊరూరా గొణిగారు. ఈ పన్నును గుర్తుపెట్టుకోండి, కథలో మళ్ళీ వస్తుంది.

తర్వాత నిషేధం యుద్ధకాలంలో సడలింది, 1948కి రాష్ట్రమంతా వచ్చింది, 1971లో కరుణానిధి ఎత్తేశారు, 1974లో ఆయనే మళ్ళీ పెట్టారు, 1981లో ఎంజీఆర్ తీసేశారు. అసలు మలుపు 1983లో వచ్చింది. బ్రాందీ, విస్కీల టోకు వ్యాపారం మొత్తం టాస్మాక్ అనే సర్కారు సంస్థ చేతికి వెళ్ళింది. మూడేళ్ళకు హైదరాబాదులోనూ ఇదే పనికి బెవరేజెస్ కార్పొరేషన్ పుట్టింది. 2003 నవంబరులో టాస్మాక్ చిల్లర దుకాణాలూ తనే తెరిచింది. అప్పటినుంచి తమిళనాట కంపెనీకీ తాగేవాడికీ మధ్య ఉన్న షావుకారు సర్కారు ఒక్కటే.

టోకు ధర కట్టే తీరు ఇది. పెట్టెలో 12 ఫుల్లు సీసాలు, లేదా 48 క్వార్టర్లు. పెట్టెకు ఇంత అని కంపెనీ చెప్పేది మూల ధర. దాని మీద ఎక్సైజు, వ్యాట్, కార్పొరేషన్ లాభం ఎక్కితే లేబుల్ మీది ఎమ్మార్పీ తేలుతుంది. కొనేది ఒక్కరే అయినప్పుడు బేరమాడే దమ్ము ఎవరికుంటుంది?

ఒక్కోసారి ఉంటుంది. 2025 జనవరి 8న కింగ్‌ఫిషర్ బీరు తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణ కార్పొరేషన్‌కు సరఫరా ఆపేసింది. 2019-20 నుంచి మూల ధర పెంచలేదని, బకాయిలు పేరుకుపోయాయని దాని ఫిర్యాదు. ఒత్తిడికి లొంగేది లేదని సర్కారు అంది. కొద్ది రోజుల్లోనే లారీలు మళ్ళీ కదిలాయి, ఫిబ్రవరిలో బీరు ధర 15 శాతం పెరిగింది. ఎవరు లొంగారో చదివేవారే చెప్పాలి.

ఆంధ్రాలో జరిగింది దీనికి తలకిందులు. 2020 మే నెలలో తాగుడు మాన్పించే పేరుతో రెండు రోజుల్లోనే ధర 75 శాతం పెంచారు. వెంటనే పొరుగు రాష్ట్రాల సీసాలు సరిహద్దులు దాటడం మొదలుపెట్టాయి. ధర పెంచి తాగుడు మాన్పించొచ్చనే నమ్మకం నాకు ఎప్పుడూ కుదరలేదు. పక్క రాష్ట్రం పట్టిక పక్కనే ఉంటుంది కదా.

తమిళనాట 2024 ఫిబ్రవరి 1న సాదా, మధ్య రకం క్వార్టరుకు 10 రూపాయలు, ఖరీదైన రకానికి 20 పెరిగాయి. మారండహళ్ళిలో కొన్నా, చెన్నైలో కొన్నా పెంపు ఒక్కటే. 2023-24లో టాస్మాక్ నుంచి ఖజానాకు చేరింది 45,855 కోట్లు. అందులో ఎక్సైజు 10,774 కోట్లే. మిగతా 35,081 కోట్లూ వ్యాట్, అంటే మద్యం రాబడి పోయిందని 1939లో తెచ్చిన ఆ అమ్మకం పన్నుకు వారసుడు.